అలారం ‘ఆఫ్’ అయితే ఎందుకు మోగుతుంది? ఇంగ్లిష్ ఫ్రేజల్ వర్బ్‌ల సంగతి

‘ది అలారమ్ వెంట్ ఆఫ్’ అంటే అలారం మోగింది అని. ‘ది లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే లైట్లు ఆరిపోయాయి అని. ‘ది బాంబ్ వెంట్ ఆఫ్’ అంటే పేలింది, ‘ది మిల్క్ వెంట్ ఆఫ్’ అంటే పాలు పాడయ్యాయి. నాలుగింటిలోనూ ఉన్నవి అవే రెండు మాటలు: ‘గో’, ‘ఆఫ్’. రెండూ బడిలో చేరిన ఏడాదే నేర్చుకునేవి. ఏ పెద్ద మాటకైనా అర్థం ఠక్కున చెప్పగలిగినవాళ్లు కూడా ఈ చిన్న మాటల జంట దగ్గర ఆగి ఆలోచిస్తారు. ఒక క్రియ, దాని పక్కన అప్, ఆఫ్, అవుట్, డౌన్, ఆన్ లాంటి ఒక చిన్న మాట. రెండూ కలిసి, విడివిడిగా దేనికీ లేని అర్థాన్ని ఇస్తాయి. వీటినే ఫ్రేజల్ వర్బ్‌లు అంటారు.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తాడు. క్రియ వెనక చిన్న మాట తగిలించి అర్థం మార్చే అలవాటు తమ భాషలో ఎక్కువనీ, పరాయి భాషల వాళ్లను బాగా ఇబ్బంది పెట్టేది ఇదేననీ రాశాడు. అప్పటికి దీనికొక పేరు కూడా లేదు. ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పుకున్నాడు.

ఇంగ్లిష్ వాళ్ల వింత అలవాటుగా దీన్ని చూసే ముందు మన మాటలు ఒకసారి విందాం. ‘బండి ఆగిపోయింది’ అంటాం. ఆగడం ఏమిటి, పోవడం ఏమిటి? ‘వాడు అక్కడే ఉండిపోయాడు’ అంటాం. ఉన్నాడా, పోయాడా? ‘అన్నం మిగిలిపోయింది’ అన్నప్పుడు అన్నం ఎక్కడికీ పోలేదు, గిన్నెలోనే ఉంది. ‘తినేయ్’ అంటే ‘తిని వేయ్’. తిన్నాక వేయడానికి ఏమీ మిగలదు. ‘చూడు’ అంటే కళ్లతో చేసే పని, ‘అమ్మను చూసుకో’ అంటే బాధ్యత, ‘కొంచెం తిని చూడు’ అంటే ప్రయత్నం. తెలుగింట్లో పుట్టిన మూడేళ్ల పిల్ల వీటిలో దేనికీ తికమకపడదు. పోవు, వేయు, కొను, పెట్టు అనే క్రియలు వేరే క్రియ వెనక చేరగానే తమ సొంత అర్థం వదిలేసి, పని ఎలా జరిగిందో, ఎవరికోసం జరిగిందో, పూర్తయిందో లేదో చెప్పే పనిలో పడతాయి. ఇంగ్లిష్ అదే పని దిక్కులు చెప్పే మాటలతో చేయిస్తుంది. మనం రెండో క్రియను తెచ్చుకుంటాం, వాళ్లు పైకి, కిందికి, బయటికి, అవతలికి అనే మాటలు తెచ్చుకుంటారు. తేడా అంతవరకే.

సంస్కృతం నుంచి మనకొచ్చిన మాటల్లో ఇంకా దగ్గరి పోలిక ఉంది. మాట ముందు చేరే చిన్న ముక్క, అంటే ఉపసర్గ, క్రియకు మూలమైన ధాతువు అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని చెప్పే పాత శ్లోకం ఒకటి వ్యాకరణం చదివినవాళ్లకు తెలుసు. అందులో ఉదాహరణలు ప్రహార, ఆహార, సంహార, విహార, పరిహార. అన్నిటికీ ధాతువు ఒకటే. ముందు చేరిన చిన్న ముక్క మారితే దెబ్బ తిండి అవుతుంది, తిండి చావు అవుతుంది, చావు షికారు అవుతుంది. ప్రభుత్వం ప్రకటించే నష్టపరిహారానికీ మనం తినే ఆహారానికీ మూలం ఒకటేనని ఎవరూ తలచుకోరు కూడా. సంస్కృతం ముందు తగిలించిన దాన్ని ఇంగ్లిష్ వెనక తగిలిస్తుంది.

ఈ పోలికలోంచే పనికొచ్చే సూత్రం ఒకటి దొరుకుతుంది. మన స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల్లో ఫ్రేజల్ వర్బ్‌లను క్రియల వారీగా వేస్తారు. ‘గెట్’ కింద ఒక పేజీ, ‘పుట్’ కింద ఒక పేజీ, ‘టేక్’ కింద ఇంకో పేజీ. నా మటుకు ఇంతకంటే పనికిరాని పద్ధతి లేదు. గెట్, పుట్, టేక్ లాంటి క్రియలు అరిగిపోయిన నాణేలు, వాటిలో అర్థం మిగిలింది తక్కువ. బరువంతా వెనకున్న చిన్న మాటలో ఉంటుంది. కాబట్టి దాన్ని పట్టుకుని చూడాలి.

‘అప్’తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరినీ ఎక్కువగా ఏడిపించేది ఇదే. దాని అసలు అర్థం పైకి. పైకి వెళ్లడం అంటే పెరగడం అని ఏ భాషవాళ్లకైనా తోస్తుంది, మనమూ ధరలు పైకెళ్లాయనే అంటాం. ‘స్పీక్ అప్’ అంటే గొంతు పెంచు, ‘టర్న్ అప్ ది వాల్యూమ్’ అంటే సౌండ్ పెంచు. ఇక్కడిదాకా చిక్కు లేదు. బిందెలో నీళ్లు పోస్తుంటే మట్టం పైకొస్తుంది, అంచు దాకా వస్తే నిండినట్టు. అలా ‘పైకి’ కాస్తా ‘పూర్తిగా’ అయింది. ‘ఫిల్ అప్’ దగ్గర రెండు అర్థాలూ కలిసి కనిపిస్తాయి. ఆ తర్వాత పైకి లేవడమనే ఊసే లేనిచోట కూడా ‘అప్’ పూర్తికావడాన్ని చెప్పడం మొదలుపెట్టింది. ‘ఈట్ అప్’ అంటే తినేయ్, ‘డ్రింక్ అప్’ అంటే తాగేయ్, ‘యూజ్ అప్’ అంటే వాడేయ్, ‘డ్రై అప్’ అంటే ఎండిపో. ఇలాంటి చోట్ల ‘అప్’ను తెలుగులోకి తేవాలంటే మన ‘వేయు’, ‘పోవు’ తప్ప మరో మార్గం లేదు, అంత సరిగ్గా అతుకుతాయి. ఉత్త ‘ఈట్’కూ ‘ఈట్ అప్’కూ తేడా, ‘తిను’కూ ‘తినేయ్’కూ ఉన్న తేడాయే.

‘అప్’కు మూడో కొమ్మ కూడా ఉంది. నీళ్ల అడుగున ఉన్నది పైకి తేలితే కంటికి కనిపిస్తుంది. అందుకే కనిపించడం, ఎదురుకావడం కూడా ‘అప్’ ఖాతాలోకే వచ్చాయి. ‘షో అప్’, ‘టర్న్ అప్’ అంటే మనిషి వచ్చి కనబడటం, ‘సమ్‌థింగ్ కేమ్ అప్’ అంటే అనుకోని పనేదో వచ్చిపడింది అని. మీటింగ్‌కి రాలేకపోయినవాళ్లు అమెరికాలో చెప్పే మొదటి సాకు ఇదే. ఇక ‘గివ్ అప్’. చేతిలో ఉన్నదాన్ని అవతలివాడికి అప్పగించేయడం దాని పాత అర్థం, కోటను శత్రువుకు ఇచ్చేయడం లాంటిది. అక్కడి నుంచి ప్రయత్నం మానుకోవడం దాకా వచ్చింది. మనం ‘చేతులెత్తేశాడు’ అంటాం, అందులో ఎత్తడమూ ఉంది, వేయడమూ ఉంది.

‘ఆఫ్’ది వేరే దారి. దాని ప్రాణం విడిపోవడంలో ఉంది. విమానం ‘టేక్ ఆఫ్’ అయితే నేల నుంచి విడిపోయింది. చొక్కా ‘టేక్ ఆఫ్’ చేస్తే ఒంటి నుంచి విడిపోయింది. ‘సెట్ ఆఫ్’ అంటే ఇల్లు విడిచి బయల్దేరడం, ‘పే ఆఫ్’ అంటే అప్పును తీర్చేసి వదిలించుకోవడం, ‘లే ఆఫ్’ అంటే కంపెనీ మనిషిని వదిలించుకోవడం. కాబట్టి ‘ఆఫ్’ కనిపించగానే వేసుకోవాల్సిన ప్రశ్న: ఏది దేని నుంచి విడిపోయింది? లైటు కరెంటు నుంచి విడిపోయింది కాబట్టి ఆరిపోయింది. పాలు మంచి స్థితి నుంచి తప్పుకున్నాయి కాబట్టి పాడయ్యాయి. అలారం, బాంబు, తుపాకీ సంగతి వేరు. వాటిని అంతవరకూ బిగించి పట్టుకుని ఉంచిన అడ్డు ఏదో తొలగింది. లోపల ఆపి ఉంచిన శక్తి తెంచుకుని బయటపడింది. లైటును ఆపేసిన ‘ఆఫ్’ అలారాన్ని ఎందుకు మోగిస్తుందో ఇప్పుడు కొంత అర్థమవుతుంది.

‘అవుట్’ దగ్గర తెలుగు మనకు బాగా సాయపడుతుంది. ‘నిజం బయటపడింది’ అంటామే, అదే ‘ది ట్రూత్ కేమ్ అవుట్’. ‘ఫైండ్ అవుట్’, ‘ఫిగర్ అవుట్’, ‘పాయింట్ అవుట్’ అన్నీ దాగి ఉన్నదాన్ని బయటికి తేవడమే. అయితే లోపలున్నదంతా బయటికి పోతే లోపల సున్నా. అందుకే ‘రన్ అవుట్ ఆఫ్’ అంటే నిండుకోవడం, ‘సోల్డ్ అవుట్’ అంటే అన్నీ అమ్ముడుపోవడం. క్రికెట్ రనౌట్‌కూ పెట్రోల్ ‘రన్ అవుట్’ కావడానికీ మాత్రం ఏ సంబంధమూ లేదు. ‘డౌన్’ సంగతి తేలికే: తగ్గడం, కుప్పకూలి ఆగిపోవడం, మాటను కాగితం మీదికి దించడం. ‘ఆన్’ చాలాచోట్ల కొనసాగింపు: ‘క్యారీ ఆన్’, ‘గో ఆన్’, ‘కీప్ ఆన్’.

ఈ తర్కంతో అన్నీ లొంగుతాయని చెబితే అబద్ధమవుతుంది. ఇల్లు తగలబడితే ‘బర్న్ డౌన్’, కాగితం కాలిపోతే ‘బర్న్ అప్’. అప్లికేషన్ నింపడాన్ని బ్రిటన్‌లో ‘ఫిల్ ఇన్’ అనీ, అమెరికాలో ఎక్కువగా ‘ఫిల్ అవుట్’ అనీ అంటారు. లోపలికీ బయటికీ ఒకే అర్థం! ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడం ఎలా అయిందో విప్పి చెప్పడం కుదురుతుందేమో గానీ, ఆ వివరణ గుర్తుపెట్టుకోవడం కంటే మాటను గుర్తుపెట్టుకోవడమే తేలిక. ఇలాంటివాటిని సామెతల్లాగా మొత్తంగా మింగేయాలి.

అసలు ఇంగ్లిష్‌కు ఈ అలవాటు ఎలా వచ్చింది? వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఇలాంటి చిన్న ముక్కలు ఎక్కువగా క్రియకు ముందు అతుక్కునేవి. దాని చుట్టమైన జర్మన్ ఇప్పటికీ కొంతవరకు ఆ దారిలోనే ఉంది. ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’, ‘ఓవర్‌కమ్’ లాంటివి ఆ పాతకాలపు గుర్తులు. కాలక్రమంలో ఆ ముందు ముక్కలు అరిగిపోయి, క్రియ వెనక నిలబడే విడి మాటలు బలపడ్డాయి. ఇంగ్లండ్‌లో స్థిరపడిన స్కాండినేవియా వాళ్ల భాష ప్రభావం కూడా ఇందులో ఉందని భాషా చరిత్రకారులు చెబుతారు. ఈలోగా 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచారు. కోర్టులు, దర్బారు, పెద్దల సంభాషణ ఫ్రెంచ్‌లోకి మారాయి. చర్చిలోనూ చదువులోనూ లాటిన్ ఉండనే ఉంది. ఆ రెండింటి నుంచి వచ్చిన మాటలు పై అంతస్తులో కూర్చున్నాయి, పొలంలో వంటింట్లో వాడే పాత ఇంగ్లిష్ మాటలు కింద మిగిలాయి.

అందుకే ఇవాళ ఇంగ్లిష్‌లో ఒకే పనికి రెండు మాటలు ఉంటాయి. ఎక్స్‌టింగ్విష్, పుట్ అవుట్. పోస్ట్‌పోన్, పుట్ ఆఫ్. టాలరేట్, పుట్ అప్ విత్. ఇన్వెస్టిగేట్, లుక్ ఇన్‌టు. తెలుగు చదువుకున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మనకూ తత్సమాలు ఒక వరస, ఇంటి మాటలు ఒక వరస. మరణించు, చచ్చిపోవు. ఆరంభించు, మొదలుపెట్టు. సహించు, ఓర్చుకొను. తిరస్కరించు, తోసిపుచ్చు. గమనించండి, రెండో వరసలో ఉన్నవి చాలావరకు రెండేసి ముక్కల మాటలే.

మన బడి మనకు ఇంగ్లిష్ తత్సమాలే ముందు నేర్పింది. పాఠ్యపుస్తకం, పరీక్ష, ఆఫీసు ఉత్తరం వీటి చుట్టూ తిరిగిన చదువు కాబట్టి ‘టాలరేట్’ ముందు వచ్చింది, ‘పుట్ అప్ విత్’ చాలామందికి రానే లేదు. ఫలితం ఏమిటంటే తప్పు లేకుండా మాట్లాడినా మన ఇంగ్లిష్ పుస్తకంలోంచి చదివినట్టు ఉంటుంది. బడి నుంచి వచ్చిన పిల్లాడు ‘అమ్మా, క్షుద్బాధ కలుగుచున్నది’ అంటే ఎలా ఉంటుందో అలా. ఈ తప్పించుకోవడం మన ఒక్కరిదే కాదు. హీబ్రూ మాట్లాడే విద్యార్థులు ఫ్రేజల్ వర్బ్ వాడాల్సిన చోట ఒంటి క్రియను ఎంచుకుంటారని 1985లో డాగుట్, లాఫర్ అనే పరిశోధకులు గమనించారు. హీబ్రూలో ఇలాంటి క్రియలు లేవు. అవి ఉన్న స్వీడిష్ వాళ్లు మాత్రం అంతగా తప్పించుకోరని 1993 నాటి మరో అధ్యయనంలో తేలింది.

దీని వెనకే ఇంకో అపోహ పుట్టింది: రాతలో ఫ్రేజల్ వర్బ్ వాడకూడదని. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. ‘గెట్ అవే విత్’ లాంటివి వ్యాసంలో తేలిపోతాయన్నది నిజమే. కానీ ‘క్యారీ అవుట్’, ‘పాయింట్ అవుట్’, ‘సెట్ అప్’ పరిశోధనా వ్యాసాల్లో నిత్యం కనిపిస్తాయి. మొత్తం జాతినే బహిష్కరించడం అనవసరం.

వ్యాకరణంలో అసలు మెలిక ఒక్కటే. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ అనొచ్చు, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ అనొచ్చు, ‘టర్న్ ఇట్ ఆఫ్’ అనొచ్చు. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనకూడదు. ఎందుకు? ఇంగ్లిష్ వాక్యం కొత్త సంగతిని, ముఖ్యమైనదాన్ని చివర పెట్టడానికి ఇష్టపడుతుంది. ‘ఇట్’ అన్నామంటే అదేమిటో ఇద్దరికీ ముందే తెలుసు. తెలిసినదాన్ని మధ్యలోకి నెట్టి, బరువున్న ‘ఆఫ్’ను చివర నిలబెడతారు. పలికేటప్పుడు కూడా ఒత్తు ‘ఆఫ్’ మీదే పడుతుంది. అయితే ‘లుక్ ఆఫ్టర్ హర్’లో ‘హర్’ మధ్యలోకి రాదు. ఇక్కడ ‘ఆఫ్టర్’ క్రియను వదిలి వెనకున్న మనిషిని పట్టుకుని ఉంది, వాళ్లిద్దరి మధ్యలో ఇంకొకరికి చోటు లేదు.

ఈ తేడా చూపడానికి ఇంగ్లిష్ వ్యాకరణ పాఠాల్లో పాత ఉదాహరణ ఒకటుంది: ‘హి ర్యాన్ అప్ ఎ హిల్’, ‘హి ర్యాన్ అప్ ఎ బిల్’. ఒకటి గుట్ట ఎక్కి పరిగెత్తడం, రెండోది హోటల్లో బిల్లు పెంచుకుంటూ పోవడం. అక్షరం తప్ప తేడా లేదు. కానీ బిల్లును ‘ర్యాన్ ఇట్ అప్’ అనొచ్చు, గుట్టను అలా అనలేం. గుట్ట దగ్గర ‘అప్’ గుట్టది, బిల్లు దగ్గర ‘అప్’ పరుగుది.

మూడు ముక్కల వాటిలో మనవాళ్ల ఈమెయిళ్లను పట్టి పీడించేది ‘లుక్ ఫార్వర్డ్ టు’. దాని తర్వాత ‘మీట్’ రాదు, ‘మీటింగ్’ రావాలి. ఆ ‘టు’ ‘టు గో, టు ఈట్’లోని ‘టు’ కాదు, ‘కి, కు’ అనే విభక్తి లాంటిది. మనం కూడా ‘కలవడానికి’ అంటాం గానీ ‘కలుకి’ అనం కదా, ముందు క్రియను నామవాచకంగా మార్చుకుంటాం.

తెలుగువాళ్లు ఈ మాటలతో ఏం చేశారన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. అసెంబ్లీలో వాకౌట్, ఫ్యాక్టరీలో లాకౌట్, షూటింగ్‌కి ప్యాకప్, థియేటర్ ముందు హీరో కటౌట్, ఆస్పత్రిలో చెకప్, ఫోనుకి బ్యాకప్, విమానం టేకాఫ్. ఇవన్నీ ఫ్రేజల్ వర్బ్‌ల నుంచి పుట్టిన నామవాచకాలే. మనం క్రియను తీసుకోలేదు, నామవాచకాన్ని తీసుకుని ‘చేయు’ తగిలించుకున్నాం. ఇంగ్లిష్‌లో నామవాచకం అయినప్పుడు ఒత్తు మొదటి ముక్క మీదికి మారుతుంది, రెండూ కలిసిపోతాయి. క్రియ అయితే విడివిడిగా రాయాలి. ‘లాగిన్’ పేరైతే ఒక్క మాట, పనైతే రెండు మాటలు. పెద్ద పెద్ద వెబ్‌సైట్ల బటన్ల మీద కూడా ఇది తప్పుగా కనిపిస్తుంది.

మరోచోట ఇంకా తమాషా జరిగింది. ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ అనే జంటల్లో క్రియను తీసి పారేసి ‘ఆఫ్’ను ఒక్కదాన్నే ఉంచుకున్నాం. ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్’, ‘టీవీ ఆన్ చెయ్’. ఏ ముక్కలో అర్థం ఉందో తెలుగు చెవి ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. కాకపోతే తిరిగి ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ‘చెయ్’ రాలిపోయి ‘ఆఫ్ ది ఫ్యాన్’ అనే వాక్యం తయారవుతోంది. పిల్లల నోట ఈ మాట ఇంటింటా వినిపిస్తుంది. అక్కడ క్రియ లేదు, ‘టర్న్’ను మళ్లీ తెచ్చుకోవాలి.

‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ సంగతి వేరు. మనకది డిగ్రీ పూర్తి చేయడం, అమెరికన్‌కి స్పృహ తప్పి పడిపోవడం. ఇది ఉత్త తప్పు కాదు, దీనికో వంశం ఉంది. సైనిక, పోలీస్ శిక్షణ పూర్తవడాన్ని బ్రిటిష్ ఇంగ్లిష్‌లోనూ అలాగే అంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోలీస్ అకాడమీలో జరిగేది పాసింగ్ అవుట్ పరేడే. ఆ మాటను మనం కాలేజీకి పొడిగించాం. ఇక్కడ వాడుకోవచ్చు, అమెరికా ఇంటర్వ్యూలో మాత్రం ‘గ్రాడ్యుయేటెడ్’ అంటే మంచిది. ‘కోప్ అప్ విత్’కు అలాంటి సమర్థన లేదు. ‘క్యాచ్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ విని విని మధ్యలో ‘అప్’ దూరింది. ‘కోప్ విత్’ చాలు.

ఐటీ ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు ఈ జాబితా వేరేగా ఉంటుంది. క్లయింట్ ‘పుష్ బ్యాక్’ చేశాడంటే వెనక్కి తోసేశాడని కాదు, అభ్యంతరం చెప్పాడని. ‘సైన్ ఆఫ్’ అంటే ఆమోదముద్ర. ‘ఐ హ్యావ్ టు డ్రాప్ ఆఫ్’ అంటే కాల్ వదిలి వెళ్తున్నానని, టెన్షన్ పడాల్సిన పనిలేదు.

ఎన్ని నేర్చుకోవాలి అనే ప్రశ్నకు మంచి జవాబే ఉంది. గార్డ్‌నర్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో, బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే, పది కోట్ల మాటలున్న ఇంగ్లిష్ వాడుక భాండాగారాన్ని జల్లెడ పట్టారు. అందులో కనిపించిన ఫ్రేజల్ వర్బ్‌ల వాడకంలో సగానికి పైగా వంద ఫ్రేజల్ వర్బ్‌లవే. అయితే ఒక్కోదానికి సగటున ఐదుకు మించి అర్థాలు లెక్కకొచ్చాయి. 2015లో గార్నియర్, ష్మిట్ అనేవాళ్లు 150 ఫ్రేజల్ వర్బ్‌ల జాబితా తయారుచేసి, నిజంగా తరచుగా వాడే అర్థాలనే ఉంచితే అవి సగటున రెండేసి తేలాయి. రోజూ పేపర్ చదివే మనిషికి ఇది కొండంత పని కాదు.

నోట్‌బుక్‌లో రాసుకునేటప్పుడు ‘టర్న్ డౌన్ = తిరస్కరించు’ అని రాస్తే సగం పనే అవుతుంది. ‘టర్న్ డౌన్ ది ఆఫర్’, ‘టర్న్ డౌన్ ది వాల్యూమ్’ అని కర్మతో సహా రాయాలి. ఏ అర్థమో తేల్చేది ఆఫర్, వాల్యూమ్ అనే ఆ మాటలే. నిఘంటువు కూడా ఈ విషయంలో ఒక గుర్తు ఇస్తుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. విద్యార్థుల కోసం చేసిన ఇంగ్లిష్ నిఘంటువుల్లో ఫ్రేజల్ వర్బ్ పక్కన ‘సమ్‌థింగ్’ లేదా ‘సమ్‌బడీ’ అనే మాట పొట్టి రూపంలో ఉంటుంది. అది క్రియకూ చిన్న మాటకూ మధ్యలో కనిపిస్తే ఆ జంటను విడదీయొచ్చు, ‘ఇట్’ మధ్యలోకి వెళ్లాలి. చివర మాత్రమే కనిపిస్తే విడదీయకూడదు.